పరదేశపు మొదటి వారం

నా వద్ద చదువుకొన్న ఒక విద్యార్థిని ఇటీవల వైద్యవిద్యకై ఫిలిప్పీన్సు దేశంలోని డవావో నగరానికి వెళ్ళినది. మన తెలుగు పిల్లలు అనేకులు అక్కడ చదువుతున్న సంగతి పాఠకులకు తెలిసినదే. అక్కడ గడిపిన మొదటి వారాన్ని గురించి ఆమె నాకొక దీర్ఘమైన లేఖ వ్రాసినది. చదువుతూ మొదట నవ్వుకొన్నాను. చివరికి వచ్చేసరికి సిగ్గుపడినాను. ఆ సిగ్గు నా ఒక్కడిదే కాదని తోచి, ఉపాధ్యాయ సోదరులతోను, విద్యార్థులతోను ఈ నాలుగు మాటలు చెప్పదలచినాను.

ఆ ఏడు రోజుల సాహసాలు చిన్నవి కావు. దిగిన నాడే కుంభవృష్టి. మరునాడు, పనసకు తమ్ముడివలె ఒళ్ళంతా ముళ్ళున్న డూరియన్ పండు. వాసనకు ముక్కు మూసుకొని, రుచికి నోరు తెరిచినదట. ఒక రాత్రి మంచం కదిలితే, తోటి పిల్లలు “చిన్న భూకంపమే, పడుకో” అని అటు తిరిగి నిద్రపోయినారట. మూడు పూటలా అన్నం దొరకడం ఒక్కటే గోదావరి బిడ్డకు ఊరట. అయిదవనాడు దారి తప్పితే, ఒక ముసలమ్మ చేయి పట్టుకొని వసతిగృహం దాకా దిగబెట్టినది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఈమెకు అక్కడి సెబువానో భాష రాదు. వారం ముగిసేసరికి మూడు మాటలు పట్టుబడినవి: ‘తూబిగ్’ అంటే నీళ్ళు, ‘సకిత్’ అంటే నొప్పి, ‘సలామత్’ అంటే కృతజ్ఞత. పాఠాలు ఇంగ్లీషులోనే గాని, రోగి తన బాధ చెప్పుకొనేది తన భాషలోనే గదా!

లేఖ చివర ఇట్లా వ్రాసినది: “మాస్టారూ, నాన్నగారి ఉద్యోగం మూలాన పదేళ్ళు డొంకరాయిలో పెరిగాను. సముద్రం దాటి వచ్చి వారంలో మూడు మాటలు నేర్చుకొన్నాను. అక్కడ బడిలో నా పక్కన కూర్చున్న కోయపిల్ల ఇంట్లో నీళ్ళను ఏమంటారో పదేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు.”

డొంకరాయి ఎరుగనివారికి ఒక మాట. ఎగువన మాచ్‌ఖండ్ అనిపించుకొనే నదియే దిగువన సీలేరై, శబరిలో కలిసి, గోదావరిని చేరుతున్నది. ఆ సీలేరుకు డొంకరాయి వద్ద ఆనకట్ట కట్టి, 25 మెగావాట్ల విద్యుత్కేంద్రం నెలకొల్పినారు. కొండనీటి నుండి పుట్టిన వెలుగు మైదానాలకు దిగివస్తున్నది. బదులుగా మైదానం ఆ కొండకు పంపవలసిన వెలుగు చదువు. అది ఏ భాషలో వెళుతున్నదన్నదే నా ప్రశ్న. ఆ ప్రాంతపు కొండరెడ్లు తెలుగే మాట్లాడుతారు, తమదైన యాసతో. కాని కోయ, కువి, ఆదివాసి ఒడియా ఇంటిభాషలుగా గల పిల్లలూ మన్యపు బడులకు వస్తున్నారు.

అట్టి ఆరేళ్ళ పిల్ల మొదటి వారాన్ని ఊహించండి. తల్లి దగ్గర లేదు. మాస్టారు ఏదో అడుగుతున్నారు, అందరూ నవ్వుతున్నారు. దాహమైతే ఏ మాట అనాలో తెలియదు. డవావోకు వెళ్ళిన పిల్ల కోరి వెళ్ళినది, పెద్దదై వెళ్ళినది. ఈ పసిది తన కొండ దిగకుండానే పరదేశంలో పడినది. ఊరకున్నదాన్ని మనం మందమతి అంటాము. పారిపోయినదాన్ని చదువంటే ఇష్టం లేనిదంటాము. నిజానికి ఆ పిల్లకు రానిది చదువు కాదు, మన మాట.

కోయ మాటలో నీరు ‘ఏర్’. మన తెలుగులో ‘ఏరు’ ఉండనే ఉన్నది. ఒక్క తల్లి బిడ్డలవంటి ఈ రెండు మాటలను బల్లపై పక్కపక్కన వ్రాసిన ఉపాధ్యాయుడు ఆ పిల్లకు వంతెన వేసినవాడు. అది చేయడానికి పట్టం అక్కరలేదు. అడిగే వినయం చాలు.

ఆ వినయం మనకు కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల భాష నేర్చి, ఆ భాషలో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టినారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయినది. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని హరించినది. చెవితో ఒక భాషను నేర్చిన మహనీయుడు ఆ చెవులనే అందుకు మూల్యంగా ఇచ్చుకొన్నాడు. ఏటేటా ఆగస్టు 29న ఆయన పటానికి పూలదండ వేస్తున్నాము. ఆయన పనిలో సగాన్ని మరచిపోతున్నాము.

ఇంటిభాషలో చెబితే పిల్లలు వెనుకబడిపోతారనీ, ఉద్యోగాలకు తెలుగు, ఇంగ్లీషు కావాలనీ కొందరంటారు. కావలసినదే, ఎవరు కాదన్నారు? వంతెన ఆవలి ఒడ్డు చేరడానికే గాని, నడుమ నిలిచిపోవడానికి కాదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతున్నది. ఒకే తరగతిలో మూడు ఇంటిభాషలున్నప్పుడు ఉపాధ్యాయునికి కష్టమే. అందుచేతనే నేను పెద్ద పథకం చెప్పడం లేదు, ఒక్క వారం అడుగుతున్నాను.

బడులు తెరిచిన మొదటి వారం మన్యపు ఉపాధ్యాయుడు విద్యార్థి కావాలి. నీరు, అన్నం, ఆకలి, నొప్పి, అమ్మ: ఇట్టి ఇరవై మాటలు పిల్లల నోట విని, నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. ఊరిలోని ఒక అవ్వను పిలిచి తరగతిలో కథ చెప్పించాలి. తప్పు పలికినప్పుడు పిల్లలు నవ్వితే తానూ నవ్వాలి. గురువు తప్పును దిద్దిన పిల్ల మరునాడు బడి మానదు.

నా విద్యార్థినికి జవాబు వ్రాసినాను: “అమ్మాయీ, అక్కడి భాష బాగా నేర్చుకో. చదువు ముగించి వచ్చిన తరువాత ఒకసారి డొంకరాయి వెళ్ళు. అక్కడ నీకు ఇంకొక మొదటి వారం మిగిలి ఉన్నది.”