యతిస్థానంలో కరెంటు పోయింది

తెరమీద గురులఘువులు గుర్తిస్తూ, నా మాటలతో సహా వీడియో పాఠం తీయాలని సంకల్పించాను. ఏదో సాఫ్టువేరు పట్టుకొని గంటసేపు ఉత్పలమాల వివరించాను. తీరా పదో అక్షరం, యతి దగ్గరకు వచ్చేసరికి కరెంటు పోయింది! ఎంపీఫోర్ ఫైలున్నది గాని, తెరుచుకోదు. దాని సూచిక రికార్డింగు ముగిశాకగాని రాయబడదట.

"విషయసూచిక మొదటే వేయరుటండీ?" అన్నది మా ఆవిడ.

కామ్‌టేషియాలో కోతలూ అతుకులూ సులువే. కాని డబ్బు పోయాలి. ఓబీఎస్ స్టూడియో ఉచితం. మొదట కొంచెం తికమక పెడుతుంది. అయితేనేం, ఎంకేవీగా రికార్డు చేస్తే, కరెంటు పోయినా అంతవరకు చెప్పింది దక్కుతుంది. తరువాత ఎంపీఫోరుగా మార్చుకోవచ్చును.

నిన్న మళ్ళీ కూర్చున్నాను. చప్పుడు పడకుండా మా ఆవిడ ఫ్యాను కట్టేసింది. చెమటలు కారుస్తూ యతి దాటాను.