అంబాసిడరు, పద్మిని

1970 ప్రాంతమున మన వీథిలో కారు చప్పుడు వినబడినచో అది అంబాసిడరో, ఫియట్టో అయి యుండెడిది. మద్రాసులో తయారైన స్టాండర్డు కార్లును ఉండెను గాని వాని సంఖ్య స్వల్పము. ఆ రెండింటిలో ఏది మేలని ఇప్పటికిని పెద్దలు వాదించుకొనుచుందురు.

అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునకు మారురూపము. కలకత్తా చేరువనున్న ఉత్తరపాడలో హిందూస్థాన్ మోటార్సు వారు దానిని 1957 మొదలు 2014 వరకు నిర్మించిరి. పద్మిని ఇటలీ దేశపు ఫియట్ 1100 నుండి పుట్టినది. బొంబాయిలోని కుర్లాయందు మొదట ఫియట్ పేరుతోను, 1974 నుండి పద్మిని పేరుతోను తయారయ్యెను.

అంబాసిడరు యంత్రము చిరకాలము 1,489 ఘన సెంటీమీటర్లది. పద్మినిది 1,089 మాత్రమే. అంకెలను చూచి మొదటిదే చురుకైనదని భ్రమపడరాదు. అంబాసిడరు బరువు టన్నుకు మించినది, పద్మిని బరువు టన్నుకు తక్కువ. కావున ఆ చిన్న యంత్రము తన చిన్న దేహమును తేలికగనే లాగెడిది. ఇరుకు సందులలో త్రిప్పుటకు పద్మినియే అనువు. కాని గతుకుల బాటలో, నిండుగ జనము కూర్చుండి పైకప్పున సామాను కట్టినప్పుడు, అంబాసిడరుకు సాటి లేదు. మా బాల్యమున ఒక పెండ్లికి ఎనమండుగురము అందులో ఇమిడి పోయితిమి. పిల్లలను ఎవరును లెక్కలో చేర్చలేదు!

అసలు తగవు పోషణయందున్నది. ఏ పల్లెలోని మెకానిక్కైనను రెండు స్పానర్లతో వీనిని బాగుచేయగలడని పలువురు మెచ్చుకొందురు. కార్బురేటరు విప్పి ఊదవచ్చును. డిస్ట్రిబ్యూటరు పాయింట్ల నడిమి సందును చేతితోనే సరిచేయవచ్చును. ఇది నిజమే. కాని తరచుగా విప్పవలసివచ్చుట గొప్ప యెట్లగును? చాలకాలము రెండింటికిని నాలుగు చక్రములకు డ్రమ్ము బ్రేకులే. నీట తడిసిన పిమ్మట అవి వెంటనే పట్టవు. వానకాలమున అడుగు రేకును తుప్పు తినివేసెడిది. లైసెన్సుల కాలమున సొమ్ము కట్టియు కారునకై ఏండ్ల తరబడి కనిపెట్టుకొని యుండవలసివచ్చెడిది. కొనువాడు ఎట్లును కొనును. ఇక లోపములను దిద్దవలెనన్న తొందర ఎవరికుండును? 1983లో మారుతి 800 వచ్చిన తరువాతనే జనులకు మరియొక రుచి తెలిసెను.

అయినను నేటి కారులో ఒక ఎలక్ట్రానిక్ పెట్టె చెడినచో దానిని తీసి పారవేసి కొత్తది తెచ్చుటయే తరచుగా జరుగుచున్నది. పాత కారు మూత ఎత్తినచో పెట్రోలు ఎటు పోవుచున్నదో, నిప్పురవ్వ ఎచట పుట్టుచున్నదో కుఱ్ఱవాడు సైతము వ్రేలితో చూపగలడు. యంత్రశాస్త్రము నేర్వగోరువారికి ఇది చిన్న లాభము కాదు.

ఒకదానిని ఎన్నుకొమ్మన్నచో, నడుపు సంతోషమునకు పద్మినిని మెచ్చుకొని, ఇంటికి మాత్రము అంబాసిడరునే తెచ్చుకొందును. అది 2014 వరకు తయారైనందున విడిభాగములు దొరకుట కొంత సులభము. బొంబాయిలో కడపటి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో, ఇరువది ఏండ్ల గడువు ముగిసి, వీథుల నుండి తప్పుకొనెను.