చిత్రగ్రీవుని పాఠము

తెలుగు చదువుకొన్న పిల్లలలో చిత్రగ్రీవుని కథ ఎరుగనివారు అరుదు. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో మిత్రలాభము ఈ పావురముల కథతోనే ఊపందుకొన్నది. మనుష్యసంచారము లేని అడవిలో నేలపై నూకలు కనబడినవి. ఇచ్చట నూకలెట్లు వచ్చినవని పావురముల రాజు అనుమానించినాడు. ఆకలిగొన్న పావురములు ఆ మాట చెవినిడలేదు. దిగినవి, వలలో చిక్కినవి. తరువాత అన్నియు ఒక్కుమ్మడిగా ఎగిరినవి. వలయే వాటి వెంట ఆకాశమునకు లేచినది. ఉపాధ్యాయులు ఈ కథ చెప్పి, ఐకమత్యమే బలమని నల్లబల్లపై వ్రాసి, పిల్లలచేత వల్లె వేయించి, తరువాతి పాఠమునకు పోవుదురు.

పాలమూరు, నల్లగొండ ప్రాంతముల బడులలో ఈ పాఠమునకు వ్రాయని భాగమొకటి కలదు. వానకాలపు పంట ఇంటికి చేరిన కొలది వారములకు హాజరుపట్టీలో కొన్ని పేర్ల యెదుట గైర్హాజరు గుర్తులు వరుసగా పడుచుండును. ఆ పిల్లవాడు జబ్బుపడలేదు, బడి ఎగవేయలేదు. తల్లిదండ్రుల వెంట పనిచోటికి పోయినాడు. బొంబాయిలోనో, పూనాలోనో, హైదరాబాదు శివార్లలోనో, లేచుచున్న కట్టడము ప్రక్కన కంకరకుప్పమీద చెల్లెలిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. వాని ఇంటి ముంగిట ఎవరో ముందుగానే నూకలు చల్లిపోయినారు. ఆ నూకలకు అడ్వాన్సని పేరు.

పాలమూరు కూలీ అను మాట దేశమంతట విననివారు లేరు. 1890లో నిజాము పేరుమీద మహబూబునగరమైన పట్టణమునకు పూర్వనామము పాలమూరు. కచేరీ కాగితములలో ఆ పేరు మారినది గాని కూలీకి మాత్రము అది ఇంటిపేరువలె అంటుకొని నిలిచిపోయినది. కృష్ణానది తెలంగాణమున తొలి అడుగు పెట్టునది ఈ గడ్డమీదనే. అయినను నది లోతున పారినది. ఎర్రచెలకలు మెట్టమీద ఎండినవి. వర్షమును నమ్ముకొన్న జొన్న, ఆముదము ఒక ఏడు పండి మరియొక ఏడు ఎండినప్పుడు, రైతునకు మిగిలిన ఆస్తి రెక్కలే. మట్టి త్రవ్వుట, రాయి కొట్టుట, గంప మోయుట వారికి వంశవిద్యలైనవి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము నల్లగొండ అంచున రాతితో లేచిన కట్టడము. అటువంటి రాతిపనులలో ఈ మెట్టసీమ చేతుల గురుతులున్నవి. శ్రీశైలము ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో మహబూబునగరము, కర్నూలు జిల్లాల ఊళ్లు మునిగినవి. భూమి పోయినవారిలో పలువురకు కూలియే గతియైనది. ఇటీవలి దశాబ్దములలో కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగరు ఎత్తిపోతల నీరు కొంత మెట్టను తడిపినది; వలస కొంత తగ్గినది. 2016లో పాత జిల్లాలు చీలి క్రొత్త జిల్లాలును ఏర్పడినవి. కాని నీరు రాని ఊళ్లలో, భూమి లేని ఇండ్లలో గంపకు, పారకు విశ్రాంతి ఇంకను దొరకలేదు.

ఈ వలసకు మూలస్తంభము గుంపు మేస్త్రీ. అతడు పరాయివాడు కాడు. ఆ ఊరివాడే, వరుసకు మామయో బావయో కూడ. ఇంటిలో పెండ్లి వచ్చినప్పుడు, బోరు ఎండినప్పుడు, ఆసుపత్రిలో రోగి పడినప్పుడు చేతిలో రొక్కము పెట్టువాడతడే. ఆ రొక్కమునకు బదులుగా ఇంటిలోని మగవాడును ఆడుదియు ఇన్ని నెలలు ఇతని గుంపులో పని చేయవలెను. ఎక్కడకు పోవుచున్నారో, ఏ పనియో, దినమునకు ఎంత కూలియో అడుగుట మర్యాద కాదు. మేస్త్రీ పైన పెద్ద మేస్త్రీ, అతని పైన గుత్తేదారు, ఆ పైన కంపెనీ. లెక్క చివరను తేలును. జ్వరముతో పడుకొన్న దినములు, వానకు పని ఆగిన దినములు, తిండి ఖర్చు, బండి ఖర్చు తీసివేయగా అప్పు తీరకపోవచ్చును. తీరని అప్పు మరుసటి ఏటికి మరల అడ్వాన్సగును. దినకూలి ఎంతయో చదువరికి తెలియవచ్చును గాని, ఆ కూలీకి తెలియదు.

ఇట్టి కట్టుబాటు ఈ నేలకు క్రొత్తది కాదు. నిజాము పాలనలో కూలి లేని వెట్టి యుండెను. అప్పు తీరువరకు ఆసామి ఇంట పడియుండవలసిన భగేలా యుండెను. భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు 1936లో శాసనము వచ్చినను, పల్లెలో దానిని చదివి వినిపించువారు లేకపోయిరి. చట్టము చేయలేని పనిని చేసినది సంఘము. పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ, 1941లో నల్లగొండ జిల్లా చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన కూడునాటికి గ్రంథాలయముల గడప దాటి చేలగట్లమీదికి నడిచినది. పల్లెజనము దానిని మహాసభ అనలేదు, సంఘమన్నారు. 1946 జూలై 4న, నాడు నల్లగొండ జిల్లాలోనిదైన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలినప్పుడు ఊరేగింపున నడచినది ఆ సంఘమే. ఆ కాలపు పోరు మార్గములను గూర్చి భిన్నాభిప్రాయములు ఉండవచ్చును. వెట్టి చేయనని ఒకడు అనలేనిది పదిమంది కలిసి అనగలిగిరన్న నిజమును మాత్రము ఎవరును కాదనజాలరు.

మరి వెట్టిని ఎదిరించిన సంఘము అడ్వాన్సును ఏల ఎదిరింపలేకపోయినది? ఇది ఆలోచింపదగిన ప్రశ్న. వెట్టి ఊరిలోనే జరిగినది. దొర గడీ కంటికి కనబడుచుండెను. వలసకూలీకి గడీ లేదు, మిల్లు గేటు లేదు. కార్మికసంఘములు సాధారణముగా గేటు దగ్గర పుట్టును. ఏడుగురు చేరి సంఘమును నమోదు చేయవచ్చునని 1926 చట్టము చెప్పినది. 2001లో వచ్చిన సవరణ, ఆ సంస్థలోని కార్మికులలో పదింట ఒక వంతుగాని, నూరుగురుగాని, ఏది తక్కువయైన అంతమంది సభ్యులుండవలెనన్నది. నేడు ఒక వంతెనమీద, రేపు ఒక సొరంగములో పనిచేయువాడు ఏ సంస్థవాడు? పనిచోటి భాష తెలియదు. సరుకులిచ్చు కొట్టువాడు మేస్త్రీ మనిషి. గుంపు ఉన్నది, సంఘము లేదు. రెంటికిని భేదము స్పష్టము: గుంపును కూర్చినవాడు మేస్త్రీ, సంఘమును కూర్చుకొనవలసినవారు కూలీలు.

ఈ చిక్కు పాలమూరిది మాత్రమే కాదు. ధనిక దేశమని పేరుబడిన అమెరికాలో కార్మికులకు సంఘముగా చేరి యజమానితో బేరమాడు హక్కును 1935 నాటి వాగ్నరు చట్టము స్థిరపరచినది. కాని పొలము కూలీలను, ఇంటిపని చేయువారిని ఆ చట్టము వెలిగా నిలిపినది. కాలిఫోర్నియా ద్రాక్షతోటలలో పంట వెంట ఊరూర తిరుగు కుటుంబములను కూర్చి తెచ్చువారు అచ్చటి మేస్త్రీలే. ఫిలిప్పీను కూలీలు సమ్మె కట్టిన మెక్సికో కూలీలను, వీరు సమ్మె కట్టిన వారిని తెచ్చి తోటల యజమానులు కాలము గడపుచుండిరి. 1965 సెప్టెంబరు 8న డెలానోలో లారీ ఇట్లియాంగ్ నాయకత్వమున ఫిలిప్పీనువారు పని మానిరి. ఈసారి మెక్సికోవారు వారి పనికి పోలేదు. కొలది దినములకే తామును సమ్మెలో చేరిరి. దేశమంతట గృహిణులు ఆ ద్రాక్షను కొనుట మానిరి. అయిదేండ్లకు, 1970లో, యజమానులు ఒప్పందము వ్రాసిరి. పనికి మనుష్యులను పంపు అధికారము మేస్త్రీ చేతినుండి సంఘపు కార్యాలయమునకు మారుట ఆ ఒప్పందములలో ముఖ్యాంశము.

ఇందు గమనింపవలసినది సమ్మెకు ముందటి కథ. సీజరు చావెజ్, డొలోరెస్ హ్యూర్టా మున్నగువారు 1962లో తమ సంఘమును తోటలో మొదలుపెట్టలేదు. కూలీల ఇండ్లలో మొదలుపెట్టిరి. గడపగడపకు పోయి నెలకు మూడున్నర డాలర్ల చందా అడిగిరి. చావు ఖర్చులకు భీమా, చిన్న అప్పులకు పరపతి సంఘము ఏర్పరచిరి. అనగా మేస్త్రీ చేయు ఉపకారమును సంఘము తన చేతిలోనికి తీసికొన్నది. సంఘములు బలహీనపడిన ఫలితము కూడ ఆ దేశమే చూపుచున్నది. 1950 దశకమున మూడింట ఒక వంతు కార్మికులు సంఘములలో నుండగా, 2024 నాటికి పదింట ఒక వంతైనను లేరు. ఇద్దరు పని చేసినను ఇల్లు గడువని కుటుంబముల గోడు అచ్చటి పత్రికలలో నిత్యము వినవచ్చుచున్నది.

పాలమూరునకు ఈ అనుభవము చెప్పునది ఒక్కటే: వలసకూలీ సంఘము పనిచోట గాక పల్లెలో పుట్టవలెను. మేస్త్రీ లేకున్న ఆపదలో అప్పిచ్చువారెవరని అడుగువారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానిని త్రోసివేసి ఉపన్యాసములిచ్చినందుననే పెక్కు సంఘములు పల్లెలో నిలువలేకపోయినవి. కాని దానికి సమాధానము పల్లెలోనే ఉన్నది. తెలుగునాట మహిళా పొదుపు సంఘములు వడ్డీవ్యాపారి గుమ్మమునకు పోవు దారిని కొంతవరకు మూసినవి. ఊరిలో 100 దినముల పనిని హక్కు చేసిన ఉపాధి హామీ 2006లో మొదట అమలైన 200 జిల్లాలలో ఈ రెండు జిల్లాలును ఉండెను. ఆ పథకమున కూలీలను శ్రమశక్తి సంఘములుగా కూర్చిరి. కలిసి డబ్బు దాచుకొనుట, కలిసి పని అడుగుట ఈ పల్లెలకు తెలిసిన విద్యలే. వలసపోవు ఇంటికి ఆపత్కాలపు అప్పు పొదుపు సంఘమునుండి దొరికిననాడు, మేస్త్రీతో ఒప్పందము కూలీ నోటిమాటతో గాక సంఘము కాగితముతో జరిగిననాడు, అడ్వాన్సు ఉరి సగము సడలును.

సంఘమునకు మరియొక పరీక్ష కలదు. నేడు తెలంగాణపు ఇటుక బట్టీలకు ఒడిషానుండి కుటుంబములు అడ్వాన్సు తీసికొని వచ్చుచున్నవి. నిన్న పాలమూరు కూలీ పడిన కట్టులో నేడు బొలంగీరు కూలీ ఉన్నాడు. వారు తక్కువకు వచ్చుచున్నారని వారిపై కోపించుట సులువు. డెలానోకు పూర్వము ఫిలిప్పీనువారును మెక్సికోవారును ఒకరిపై ఒకరు అట్లే కోపించిరి, లాభపడినది తోటలవారు. ఒడియా మాటలాడు కూలీని కలుపుకొనలేని సంఘము పాలమూరు కూలీని కూడ కాపాడజాలదు.

చట్టములు లేవా యన్న ఉన్నవి. రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. కనీస వేతనము కన్న తక్కువకు చేయించుకొన్న పని కూడ వెట్టియేనని 1982లో ఆసియా క్రీడల కట్టడముల కూలీల వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1976 చట్టము వెట్టికి మూలమైన బాకీని రద్దుచేసినది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము అయిదుగురున్న చోటనే వర్తించెడిది. దాని స్థానమున వచ్చిన 2020 నాటి స్మృతి పదిమందియున్న చోట వర్తించును. కాగితముమీద గుంపును తొమ్మిదేసిమందిగా చీల్చుట గుత్తేదారునకు కష్టమా? చిత్రగ్రీవుని కథలో వల కొరికిన హిరణ్యకుడు తన కన్నములోనే ఉండెను. పావురముల యొద్దకు తానై రాలేదు. వలను మోసికొని పావురములే అతని యొద్దకు పోయినవి. చట్టమును అంతే. మోసికొనిపోవు రెక్కలు సంఘము ఈయవలెను.

ఇందు బడిపంతులు చేయగల పని చిన్నది కాదు. 2011 జనాభా లెక్కలలో మహబూబునగరు జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతము. నాటి ఆంధ్రప్రదేశమున అదే అట్టడుగు. చదువురాని తండ్రికి హాజరుచీటీ చదివిపెట్టవలసినది బడిలోని బిడ్డయే. పనిదినములు లెక్కించుట, అడ్వాన్సు మినహాయించుట, కనీస వేతనముతో పోల్చుట ఏడవ తరగతి గణితమునకు మించినవి కావు. వలసపోవు పిల్లవాని పేరు కొట్టివేయక, ఎక్కడికి పోయెనో, ఎవరి గుంపులో పోయెనో వ్రాసియుంచిన ఉపాధ్యాయుడు రేపు ఏ విచారణకైనను సాక్ష్యము మిగిల్చినవాడగును. బట్టీ దగ్గరి ఒడియా బిడ్డను పిలిచి బల్లమీద కూర్చుండబెట్టినవాడు 2009 నాటి విద్యాహక్కు చట్టమును అమలుచేసినవాడగును.

కథలో తుదిమాట పిల్లలకు తరచుగా చెప్పక విడిచివేయుదురు. హిరణ్యకుడు మొదట చిత్రగ్రీవుని కట్లు కొరుకబోయినాడు. ముందు తన వారి కట్లు, పిదప తనవి అని రాజు వారించినాడు. మేస్త్రీకిని సంఘనాయకునికిని గల భేదమును తెలుపుటకు ఇంతకన్న చక్కని పాఠము తెలుగు వాచకములలో దొరకదు. ఈ ఏడు పంటలు ఇంటికి చేరునప్పటికి, బల్లలు ఖాళీ కాకముందే, ఆ తుదిమాటను గూడ చెప్పుట మంచిది.