వీపులో సిమెంటు, చేతికి తాయెత్తు

మా అక్కకి 74 ఏళ్ళు. పోయినేడు కింద పడలేదు, జారలేదు. వంగి నీళ్ళ బకెట్టు ఎత్తింది, అంతే. నడుము దగ్గర ఒక వెన్నుపూస కుంగిపోయింది. ఎముకలు గుల్లబారిన వాళ్ళకి ఆమాత్రం చాలునట. మంచం మీద పక్కకి తిరగాలన్నా కేకలు పెట్టేది.

ఆస్పత్రిలో "రేపే సిమెంటు ఎక్కించేద్దాం, ఎల్లుండి నడిచి ఇంటికెళ్తారు" అన్నారు. వర్టిబ్రోప్లాస్టీ అంటారు దీన్ని. వీపులోంచి సూది దించి, విరిగిన పూసలోకి ఎముకల సిమెంటు ఎక్కిస్తారు. ముందు చిన్న బెలూన్ ఉబ్బించి చోటు చేస్తే కైఫోప్లాస్టీ. 1984లో ఫ్రాన్స్‌లో మొదలైన పద్ధతి.

నాకు వైద్యం తెలియదు. చదివింది బి.కాం., చేసింది డిఫెన్స్ అకౌంట్సులో బిల్లులు చూడడం. వోచరు లేనిదే సంతకం పెట్టే అలవాటు మాత్రం లేదు. వెతికితే 2009లో వచ్చిన రెండు పరీక్షలు దొరికాయి. ఒకదాంట్లో 131 మంది, ఇంకోదాంట్లో 78 మంది. సగంమందికి నిజం సిమెంటు, సగంమందికి ఉత్తుత్తి చికిత్స. ఆ ఉత్తుత్తి ఎంత పకడ్బందీగా చేశారో చూడండి: మత్తు సూది ఇచ్చారు, గదిలో సిమెంటు వాసన వచ్చేలా చేశారు, ఎక్కించింది మాత్రం ఏమీ లేదు. నెల తిరిగేసరికి రెండు గుంపులకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది!

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2016లో ఆస్ట్రేలియాలో, విరిగి ఆరు వారాలు దాటని, నొప్పి బాగా తీవ్రంగా ఉన్న 120 మందిపై చేసిన పరీక్షలో సిమెంటుదే పైచేయి. 2018లో నెదర్లాండ్స్‌వాళ్ళు కొత్తగా విరిగినవాళ్ళ మీదే చేస్తే మళ్ళీ తేడా లేదు. కాబట్టి "ఇదంతా మోసం" అని నేననను. పనికొచ్చేవాళ్ళు కొందరు ఉండొచ్చు. కానీ "ఎల్లుండి నడుస్తారు" అన్న హామీకి లెక్క కుదరదు. పైగా సిమెంటు పక్కకి కారే ప్రమాదం ఉంది, అరుదుగా ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఆ మాట మేం అడిగేదాకా ఎవరూ చెప్పలేదు.

అక్క వద్దంది. నొప్పి మాత్రలు, బెల్టు, మెల్లగా నడక. ఎనిమిది వారాలకి వంటింట్లోకి వచ్చేసింది.

ఈలోగా పక్కింటావిడ ఒక తాయెత్తు కట్టింది లెండి. ఇప్పుడు ఘనతంతా దానిదే! నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఆ రోజు సిమెంటు ఎక్కించి ఉంటే, నాలాంటి హేతువాదే "చూశారా సైన్సు!" అని నలుగురికీ చెప్పుకునేవాడు. ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ సమయంలో పక్కన ఏది ఉంటే దాని ఖాతాలో జమ పడుతుంది. అక్క కోలుకోవడం కూడా దేనికీ రుజువు కాదు, ఒక్క మనిషి కదా.

నాకు అసలు కోపం వేరే దానిమీద. సిమెంటుకి ఎస్టిమేటు గంటలో చేతికిచ్చారు గానీ, ఎముకలు ఎందుకు గుల్లబారాయో, ఇంకో పూస విరక్కుండా ఏం చెయ్యాలో ఆ కాగితాల్లో ఒక్క ముక్క లేదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షకి రెండు నెలల తర్వాత మేమే వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మందు ఇప్పుడు మొదలైంది.

తాయెత్తు ఇంకా అక్క చేతికే ఉంది. ఆ అభ్యంతరం పెండింగు.