దూది చాలదు బాస్!

2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో గుర్తుందా? ఒక చెయ్యి జేబులో, కళ్ళకు మామూలు కళ్ళజోడు. "ఏ సామానూ లేకుండా సిల్వర్ కొట్టాడు" అని మన గ్రూపులన్నీ ఊగిపోయాయి. ఆ ఫొటో ఒకసారి జూమ్ చేసి చూడండి. చెవిలో పసుపు రంగు ఇయర్‌ప్లగ్ కనిపిస్తుంది. పెద్దగా మోత చేయని ఎయిర్ పిస్టల్‌కే ఆయన చెవులు మూసుకున్నాడు.

మరి మనం? ఎన్‌సీసీ ఫైరింగ్‌కి వెళ్తూ చెవిలో ఇంత దూది కుక్కుకుంటే అదే మహా జాగ్రత్త. కొందరైతే అదీ పెట్టుకోరు, పిరికివాడంటారని.

మనం ఇంజనీర్లం కాబట్టి లెక్కల్లో చూద్దాం. అమీర్‌పేట్ లాంటి వ్యాపార ప్రాంతంలో పగలు చట్టం ఒప్పుకునేది 65 డెసిబెల్స్. రోజుకి 8 గంటలు శబ్దంలో పనిచేసేవాళ్ళకి నిపుణులు గీసిన గీత 85. పాయింట్ టూటూ రైఫిల్ పేలితే సుమారు 140. "తేడా 55 యే కదా" అనకండి. డెసిబెల్ లాగరిథమిక్ స్కేలు. తీవ్రతలో ఆ తేడా 3 లక్షల రెట్ల పైమాటే! దాని ముందు దూది ఎంత?

ఫైరింగ్ అయ్యాక చెవిలో "కుయ్‌"మని మోగి, మర్నాటికి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మర్చిపోతాం. కానీ లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. ముందుగా పోయేది హై ఫ్రీక్వెన్సీ వినికిడి. అంటే 'స', 'శ', 'ఫ' లాంటి ధ్వనులు జారిపోతాయి. పంజాగుట్ట చౌరస్తా రద్దీలో పక్కవాడి మాట వినిపిస్తుంది, అర్థం కాదు. కవిత్వం చెవితో చదివే మనకి ఇంతకంటే నష్టం ఏముంది?

ఫోమ్ ప్లగ్ జత ఖరీదు చాయ్, సమోసా అంత. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సగం బయటికి వేలాడితే పెట్టుకున్నా దండగే. దాని మీద ఇయర్‌మఫ్ కూడా ఉంటే ఇంకా మంచిది.

గగన్ నారంగ్, ఈషా సింగ్ మన హైదరాబాద్ వాళ్ళే. వాళ్ళని చూసి రేంజ్‌కి వెళ్దామనుకునే జూనియర్లు మన కాలేజీలోనూ ఉన్నారు. అందుకే నా మాట ఒక్కటే: బూట్లు లేని క్యాడెట్‌ని పరేడ్‌కి రానివ్వం కదా, ప్లగ్స్ లేని క్యాడెట్‌కి రైఫిల్ కూడా ఇవ్వొద్దు.