కమానులమీది భక్తి, కాలువలమీది నిర్లక్ష్యము

చదువుకొన్న మన పట్టణవాసులకు ఈ నడుమ నొక ముచ్చట పట్టుకొన్నది. ఐరోపాకు పోయినవారు ఒక దినము వెచ్చించి ఫ్రాన్సులోని పోన్ దు గార్ కమానులను చూచివచ్చి, ఛాయాపటములు చూపి, “రోమనులు రెండువేల యేండ్లనాడు కట్టిన నీటివంతెన! మన కట్టడములు నాలుగేండ్లకే పగుళ్ళిచ్చుచున్నవి” అని నిట్టూర్చుచుందురు. ఈ నిట్టూర్పులో సగము నిజము, సగము సోమరితనము.

ఆ వంతెన మూడంతస్తుల కమానులతో సుమారు 49 మీటర్ల యెత్తున నేటికిని నిలిచియున్న మాట వాస్తవమే. నీము పట్టణమునకు నీరు తెచ్చిన యేబది కిలోమీటర్ల కాలువలో అది యొక తునక మాత్రము. అంత దూరమునను కాలువ ఇరువది మీటర్లైనను దిగదు. వాలు చూచుటలో వారి నేర్పు అట్టిది. కాని చూడబోయినవారు అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ వంతెనపై నీరేది? కొన్ని శతాబ్దములు నడచిన పిదప దానిని శుభ్రపరచువారు కరవైరి. నీటిలోని సున్నము లోగోడలకు పొరలుపొరలుగా పేరుకొని దారి నిరుకు చేసెను. రాయి మిగిలెను, నీరు పోయెను. యాత్రికులు మెచ్చుచున్నది కాలువను గాదు, కాలువ కళేబరమును.

రోము గొప్పతనము తెలియగోరువారు కమానులను విడిచి ఫ్రాంటినసు గ్రంథమును చూడవలెను. క్రీ.శ. 97లో ఆ నగరపు నీటి పర్యవేక్షణము ఆయనకు అప్పగింపబడెను. నీటి పనివారే రహస్యముగా గొట్టములకు రంధ్రములు పొడిచి నీరమ్ముకొనుచున్న సంగతి ఆయన బయటపెట్టెను. (ఈ విద్య మనకు క్రొత్తది గాదు.) కాలువలను కాచుటకు రెండు దళములుగా 700 మంది యుండిరి. వారు బానిసలు; అందులకు రోమును మెచ్చవలసిన పని లేదు. కాని కట్టినదానిని కాచుటకు మనుష్యులను ఎల్లకాలము ఆ పనిమీదనే ఉంచవలెనను తెలివి మెచ్చదగినదే. న్యాయవాదవృత్తిలోనున్న మాకు మరియొక సంగతి రుచించినది. కమానులకు ఇరుప్రక్కల 15 అడుగులు ఖాళీగా నుండవలెనని క్రీ.పూ. 11లో సెనేటు శాసించెను. అతిక్రమించినవానికి పదివేల సెస్టర్సుల జరిమానా. అందు సగము పట్టియిచ్చినవానికే.

రోము దూరము, గన్నవరము దూరము గాదు. దెందులూరులో ఉదయమున బయలుదేరి, పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, రాజోలు మార్గమున కోనసీమలోని పి. గన్నవరము చేరి, తీరికగా చూచి, రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. మేమట్లే చేసితిమి. వైనతేయపాయపై 1850ల తొలినాళ్ళలో లెఫ్టినెంటు హేగు పర్యవేక్షణమున కట్టిన అక్విడక్టు అది. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల కమానులు 49. క్రింద గోదావరి, పైన కాలువగా మారిన గోదావరి! 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట నీరు ఇట్లు పాయను దాటిపోయి నగరములంకను పండించినది. నూటయేబది యేండ్లకు కొంచెము తక్కువగా మోసిన పిదప, 2000లో ప్రక్కనే క్రొత్త అక్విడక్టు వచ్చినది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆకలితో వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన యిల్లాలి పేరు, అన్నము పండించు నీటికి! ప్రభుత్వములు పెట్టు పేర్లలో ఇంత తగినది మేమరుదుగా చూచితిమి.

కాటను విగ్రహములు డెల్టాలో ఊరూర కలవు. మాల వేయుటకు మేమడ్డము చెప్పము. ఆయనకు కుడిభుజమైన వీణెం వీరన్నను, ఏ శిలపైనను పేరెక్కని మట్టిపనివారిని గూడ తలచుకొన్న మేలు. అయితే మాల వేసిన చేతితోనే మనము కాలువలో చెత్తబుట్ట బోర్లించుచున్నామే, ఈ భక్తి ఏపాటిది?

విజ్జేశ్వరమున బయలుదేరిన నీరు ఏలూరు కాలువగా తాడేపల్లిగూడెము దాటి, దెందులూరు ప్రాంతము మీదుగా ఏలూరు చేరి, కృష్ణనుండి వచ్చు కాలువను కలియును. ఒకప్పుడు కాకినాడనుండి చెన్నపట్టణమునకు పడవలు ఈ దారినే పోయినవి. నేడు పడవ లేదు, గుర్రపుడెక్క ఉన్నది. గట్టుమీద మొదట పాక, పిదప రేకుల కొట్టు, ఆపైన డాబా లేచును. డాబా మురుగు ఎక్కడికి పోవునో చెప్పనక్కరలేదు. ఎగువ నిరుకైన కాలువకు బలియగువాడు శివారు రైతు. వాడు నారు పోసికొని వంతుకై ఎదురుచూచుచుండ, మనము పఠనమందిరమున కూర్చుండి రోమనులను పొగడుచున్నాము! కడపట ఈ కల్మషమంతయు మోయవలసినది కొల్లేరు. 2002లో రాంసర్ చిత్తడినేలల పట్టికకెక్కిన సరస్సు అది.

గట్టు ఖాళీ చేయించుడన్నచో, “పేదవాని పాక పీకుదురా?” యని కొందరు లేచెదరు. పేదవానికి ముందు వేరుచోట స్థలము చూపవలెను. అందులో వాదము లేదు. కాని ఆ పాక వెనుక దాగి మాటలాడుచున్నవాడు మేడ కట్టినవాడు. వానికి స్థలము గాదు, నోటీసు చూపవలెను.

ఇది సర్కారు పనియని చేతులు దులుపుకొనువారికి 1997 నాటి చట్టమును జ్ఞాపకము చేయుచున్నాము. నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచి, కాలువల నిర్వహణలో రైతులకు పాలు కల్పించినది అదియే. అంతకుముందును ఈ తలపు మనకు లేకపోలేదు. పోరుమామిళ్ళ చెరువును వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసి కట్టినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. కట్టిన చెరువులను కాచువారికి దశబంధమను ఇనామునిచ్చు ఆచారమును మన సీమలలో కలదు. రోము 700 మందిని పెట్టెను. మన పెద్దలు ఇనామునిచ్చిరి. మన దినములలో ఆ భారము కాలువగట్టున నడచు లస్కరుది. మీ యూరి కాలువకు లస్కరెవరో, అసలున్నాడో లేడో, చదువరులలో ఎందరికి తెలియును?

వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో ప్రతి పఠనమందిరమునుండి నలుగురు తమ యూరి మేర గట్టువెంట నడువవలెనని కోరుచున్నాము. ఆక్రమణ యెన్ని యడుగులు, మురుగు గొట్టములెన్ని, తూము తలుపులలో పనిచేయునవెన్ని, లస్కరు కనబడెనా లేదా, ఇంతమాత్రము వ్రాసి మాకు పంపుడు. పాక, మేడ యను భేదము విడువక, ఊరివారీగా ఈ పుటలోనే ప్రకటింతుము.