జాజికాయ గంధం దాహం తీర్చదు

పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే సాన మీద జాజికాయ అరగదీసి నాకించడం మన ఇళ్లలో పాత అలవాటు. ఇప్పుడు దానికి కొత్త బలం వచ్చింది. ‘విరేచనాలు తెచ్చే రోటావైరస్‌ను జాజికాయ చంపుతుందని సైన్సే తేల్చింది కదా, ఇంకా మందులెందుకు?’ అంటున్నారు చదువుకున్నవాళ్లు. ఈ వాదన తప్పు, ప్రాణాంతకమైన తప్పు.

సైన్స్ తేల్చిందేమిటో చూద్దాం. బ్రెజిల్ పరిశోధకులు 2005లో ప్రచురించిన పరీక్షలో జాజికాయ సారం మనుషుల రోటావైరస్‌ను 90 శాతం అడ్డుకుంది. నిజమే. అదే పరీక్షలో జామాకు సారం కోతుల రోటావైరస్ మీద పనిచేసి, మనుషుల వైరస్ మీద పనిచేయలేదు. పైగా ఇదంతా ల్యాబ్‌లో పెంచిన కణాల మీద జరిగింది. ఆ కణాలకు వాంతులు కావు, నాలుక పిడచకట్టుకుపోదు.

బిడ్డ ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు తరిగిపోవడం. 1971లో బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ నీళ్లు క్రిమిని చంపలేదు. పేగులో గ్లూకోజ్ ఉప్పును వెంట తీసుకుపోతుంది, ఉప్పు వెనకే నీరు ఒంటికి పడుతుంది. అంతే.

‘జాజికాయ నాకిస్తే మా బాబుకు మూడో రోజుకే తగ్గింది’ అంటారు. రోటా విరేచనాలు మామూలుగా మూడు నుంచి ఎనిమిది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఇంకో మాట. జాజికాయ మోతాదు మించితే విషం, మత్తు కూడా. నీరు తగ్గిన బిడ్డ మగతగా పడుకుంటే అది ప్రమాద సూచన. దాన్ని ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అనుకుంటే ఆసుపత్రికి వెళ్లాల్సిన గంటలు చేజారిపోతాయి.

మొక్కల మీద పరిశోధన వద్దని నేననను. 2003లో వెలువడిన సెయింట్ పీటర్స్‌బర్గ్ పరీక్షలో 40 మంది పిల్లల్లో టోర్మెంటిల్ అనే మొక్క దుంప సారం తీసుకున్నవాళ్లకు విరేచనాలు ఐదు రోజులకు బదులు మూడు రోజుల్లో కట్టాయి. అలాంటివి ఇంకా పెద్దఎత్తున జరగాలి. మోతాదు తేలాలి, పసివాళ్లకు క్షేమమని రుజువు కావాలి. అప్పటిదాకా అది ఆశే, మందు కాదు.

తేలిన మందులు మన చేతిలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ చుక్కల టీకాను 2016లో తొలిగా అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోటా చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయించండి. విరేచనాలు మొదలైతే ఉప్పు, గ్లూకోజ్ ఉండే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు ఆపకండి. డాక్టర్ చెప్పిన జింకు 14 రోజులూ వేయండి. కళ్లు గుంటలు పడినా, మాడు లోపలికి పోయినా, బిడ్డ మగతగా ఉన్నా సాన పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి.